చుక్కల్లో పొయ్యిలు చూసిన మా మేనత్త

మా మేనత్త పోయింది. మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులు. కూలికి తీసుకుపోయే ఆటో పొద్దున్నే వచ్చి ఇంటి ముందు హారన్ కొడుతున్నా బయటికి రాలేదని, పక్కింటి పెద్దమ్మ తలుపు తోసి చూసిందట. పొయ్యి మండుతూనే ఉంది. పక్కనే పీట మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది అత్త. కునుకు పట్టిందేమోనని పెద్దమ్మ పేరు పెట్టి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, అప్పుడు తెలుసుకుంది. వనపర్తిలో నేను కాలేజీకి బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది.

"బిడ్డా, మీ అత్త పొయ్యి కాడనే కూసొని పోయింది. బాధ పడలే. నువ్వు జల్ది రా. మీ నాయినకు గూడ చెప్పిన," అంది.

పొయ్యి కాడనే పోయిందన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

మాది బిజినేపల్లి దగ్గర ఊరు. అత్త మెట్టినిల్లు రాజోలికి అవతల, తుంగభద్రకు దగ్గర్లో. వానలు మొహం చాటేసిన ఏడు అమ్మానాన్నలు గుంపుతో కలిసి వలస పోయేవారు. నన్ను తెచ్చి అత్త దగ్గర వదిలేవారు. అలా ఒక్క ఏడు కాదు, నా చదువు సగం ఆ ఇంట్లోనే గడిచింది. అత్తకు పిల్లలు లేరు. నన్ను ముద్దు చేసింది అనను, ఆమెది ముద్దు చేసే స్వభావం కాదు. రొట్టె మాడిందని అలిగితే పళ్ళెం తీసేసేది. ఏడిస్తే, ఏడుపు అయ్యాక చెప్పమని తన పని తాను చూసుకునేది. కానీ అమ్మ గుర్తొచ్చి నేను నిజంగా ఏడ్చిన సాయంత్రం మాత్రం చేతిలో పని వదిలేసి, వాకిట్లో మంచం వాల్చి, నన్ను పక్కన పడుకోబెట్టుకుంది. అప్పుడే చుక్కలు పొడుస్తున్నాయి.

"గవి ఏందో ఎరికేనా? పొయ్యిలు," అంది.

వలస పోయినచోట గుంపులు గుంపులుగా గుడిసెలు వేసుకుంటారు. పొద్దు గూకగానే ప్రతి గుడిసె ముందూ పొయ్యి వెలుగుతుంది. దూరం నుంచి చూసేవాళ్ళకు మనుషులు కనబడరు, పొయ్యిలే కనబడతాయి. తానూ చాలా ఏళ్ళు అలా పోయి వచ్చిన మనిషి కాబట్టి ఆకాశం కూడా ఆమెకు అలాగే కనిపించింది. గుంపుగా ఉన్న పిల్లలకోడి చుక్కలను, అంటే కృత్తికలను చూపించి, అది కూలీలను తోలుకుపోయే పెద్ద మేస్త్రి గుంపు అంది. ఒంటరిగా మెరిసేదాన్ని చూపించి, వాళ్ళెవరో కొత్తగా వచ్చారు, ఇంకా తోడు దొరకలేదు అంది. మా అమ్మ పొయ్యి కూడా ఇప్పుడు ఎవరికో అలాగే కనబడుతూ ఉంటుందని చెప్పింది.

"పొయ్యి ఉంటే మనిషి ఉంటడు. మనకు కనబడకపోతే లేనట్టు గాదు," అంది. నేను ఏడుపు మరిచిపోయి అమ్మ పొయ్యి ఏ వైపు ఉంటుందో వెతుకుతూ నిద్రపోయాను.

తర్వాత బడిలో సారు చుక్కలన్నీ సూర్యులేనని చెప్పారు. ఆ రోజు నేను ఇంటికి నడవలేదు, పరుగెత్తాను. పెద్దవాళ్ళ తప్పు పట్టుకునే అవకాశం పిల్లలకు తరచుగా రాదు కదా. "అత్తా, అవి పొయ్యిలు గావు. సూర్యులు. ఆడ ఎవరన్న ఉంటే కాలి బూడిదైతరు," అన్నాను. ఆమె చింతపండు పిసుకుతోంది. తల కూడా ఎత్తలేదు.

"పొయ్యి మీద ఎవరన్న కూసుంటరా? పక్కకు కూసుంటరు," అంది.

ఆ మాటను ఇప్పుడు నేను క్లాసులో గ్రహాల గురించి చెప్పేటప్పుడు వాడుకుంటాను. మరీ దగ్గరైతే మాడిపోతాం, మరీ దూరమైతే వణికిపోతాం, చలి కాచుకునేవాడు కూర్చునేంత దూరంలో ఉంటేనే బతుకు అని. పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. అలాగని మా అత్తకు అన్నీ తెలుసనుకోకండి. చందమామ రాయి అంటే చచ్చినా నమ్మలేదు, రాయైతే ఇంతకాలం పైన ఎట్లా నిలబడిందని నాతో జగడం పెట్టుకునేది. గ్రహణం నాడు నేను వాకిట్లోకి అడుగు పెడితే ఊరంతా వినబడేట్టు తిట్టేది.

ఇక మామ సంగతి. ఆయన ముఖం నాకు సరిగా గుర్తు లేదు. నా చిన్నప్పుడు ఆయనా, మా నాన్నా ఒకే గుంపులో కలిసి ఎక్కడో ఉత్తరాన కాలువ పనికి రైల్లో పోతున్నారు. ఎండాకాలం. ఏదో స్టేషన్లో రైలు ఆగితే, నీళ్ళు పట్టుకొస్తానని మామ చెంబు తీసుకుని దిగాడు. నాన్న నిద్రలో ఉన్నాడు. లేచేసరికి రైలు కదిలి చాలా దూరం వచ్చేసింది, మామ లేడు. ఏ స్టేషనో కూడా ఎవరికీ గుర్తులేదు. తర్వాత మేస్త్రి వెతికించానన్నాడు. నాన్న ఆ దారి వెంట రెండు మూడు సార్లు పోయి, భాష తెలియని ఊళ్ళలో అడిగి అడిగి తిరిగొచ్చాడు. మామ జాడ దొరకలేదు. దొరకలేదన్న మాట తప్ప ఈ రోజుకీ ఇంకో మాట లేదు.

ఏళ్ళు గడిచాక కులపెద్దలు వచ్చి అత్తను కూర్చోబెట్టారు. ఇలా జాడ తెలియకుండా పోయిన మనిషికి మా వైపు ఒక పద్ధతి ఉంది. గడ్డితో బొమ్మ చేసి, అదే మనిషి అనుకుని సాగనంపి, దినాలు చేస్తారు. ఆ రోజు భార్య గాజులు తీయిస్తారు, బొట్టు తుడుస్తారు. మాట్లాడటానికి వచ్చిన పెద్దల పక్కన మా నాన్న కూడా ఉన్నాడు. అందరికంటే గట్టిగా ఆయనే చెప్పాడు.

"అక్కా, బావ ఉంటే ఇన్నేండ్లు రాకుండ ఉంటడా? లేడనుకో. నీ మనసు కుదుటపడ్తది," అన్నాడు.

"నువ్వు చూసినవా?" అంది అత్త.

"చూడలే."

"మరి ఉన్నడా, పోయిండా?"

నాన్న నేల చూశాడు. అత్త ఒకే మాట అంది. "గొత్తిల్ల."

అది కన్నడం. ఏటా నాట్లకూ, మిరప ఏరడానికీ రాయచూరు వైపు పోయి వచ్చేది కాబట్టి ఆ మాట ఆమె నోట్లో స్థిరపడింది. తెలియదు అని అర్థం. మన మాట ఉండగా అదెందుకని నేనోసారి అడిగాను. తెల్వదు అంటే వాకిట్లోకి వచ్చినోళ్ళను పొమ్మన్నట్టు ఉంటదట. గొత్తిల్ల అంటే జర కూసో, చూద్దాం అన్నట్టు ఉంటదట. కన్నడం వాళ్ళు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు గాని, ఆమె చెవికి అలా వినబడింది. గడ్డిబొమ్మ చేయనివ్వలేదు. పచ్చ గాజులు వేసుకుంది, బొట్టు పెట్టుకుంది. పేరంటాలకు పిలిస్తే పోయింది, పిలవకపోతే ఊరుకుంది. చాలామంది పిలవలేదు.

ఆమెకు రోజూ సాయంత్రం ఒక క్రమం ఉండేది. వాకిట్లో ఒక బుగ్గ ఉంది, బల్బును మా వైపు బుగ్గ అంటాం. పొద్దు గూకినా వెంటనే వేసేది కాదు. చీకట్లో కూర్చుని పైకి చూసేది. చుక్కలు బాగా పొడిచాక లేచి బుగ్గ వేసేది. ఇక అది తెల్లారేదాకా వెలగాల్సిందే. ముందు వాళ్ళ పొయ్యిలు మనం చూడాలట, తర్వాత మన పొయ్యి వాళ్ళకు కనబడాలట. "ఆడికెల్లి చూసేటోళ్ళు ఉంటే? ఈడ ఎవరు లేరనుకోరా?" అనేది. పై నుంచి చూసేవాళ్ళ గురించే అంటోందా, బాట వెంట వచ్చేవాళ్ళ గురించి కూడానా అని నేనెప్పుడూ అడగలేదు.

డిగ్రీలో ఉన్నప్పుడు ఎక్కడో చదివి వచ్చి ఆమెకు ఇంకో సంగతి చెప్పాను. మనం చూసే చుక్క వెలుగు తాతముత్తాతల కాలంలో బయలుదేరిందని, అది ఇక్కడికి చేరేసరికి ఆ చుక్క ఆరిపోయి కూడా ఉండొచ్చని. గొప్పగా చెప్పాననుకున్నాను.  అత్త బుగ్గ వేసి లోపలికి పోయి, నాకు అన్నం పెట్టి, తాను తినకుండా పడుకుంది. పొద్దున చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ నా మంచం దగ్గర ఆగింది.

"ఆరిపోయి ఉండొచ్చు అంటివి. ఉండి గూడ ఉండొచ్చునా?"

"ఉండొచ్చు అత్తా."

"మరి ముందుగాల గది చెప్పాలె."

అంతే, మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. తర్వాత ఎంఎస్సీలో తెలిసింది, మన కంటికి కనబడే చుక్కల్లో దాదాపు అన్నీ ఇంకా వెలుగుతూనే ఉన్నాయని. ఆరిపోయాయేమో అన్నది విన్నవాళ్ళను ఉలిక్కిపడేట్టు చేయడానికి చెప్పే మాట. ఆ సంగతి ఫోన్ చేసి మరీ చెప్పాను. "నాకు ఎరికే," అంది. ఎరిక లేదు. కానీ ఆ గొంతులో ఉన్న సంతోషం విని నేను వాదించలేదు.

ఈ మధ్య ఏళ్ళలో ఊళ్ళో అందరికీ ఫోన్లు వచ్చాయి. ఒకసారి ఎవరో పళ్ళెం లాంటి విమానం దిగుతున్న వీడియో చూపించారు. అందులోంచి పచ్చటి మనుషులు దిగారు. అత్త పూర్తిగా నమ్మేసింది. మిరప చేలో సాలు సాలుకూ తిరిగి అందరికీ చెప్పిందట, దొరికిన్రు, మనుషులు దొరికిన్రు అని. పక్కింటి పెద్దమ్మ ఒకటే పరేషాన్. వాళ్ళది ఏసును కొలిచే కుటుంబం. "మరి మీ ప్రభువు ఆడికి గూడ పోయిండా?" అని అత్త ఆమెను నిలదీసింది. పెద్దమ్మ గంప దించి, కొంగుతో మొహం తుడుచుకుని, చాలాసేపు ఆలోచించి, "మనుషులు ఆడ గూడ ఉంటే ఆయన పోకుండ ఎట్ల ఉంటడు," అందట. ఇద్దరికీ ఆ జవాబు నచ్చింది.

ఆదివారం నేను పోయి అది కంప్యూటర్లో చేసిన బొమ్మ అని చెప్పేసరికి అత్త ముఖం చిన్నబోయింది. నా మీద కోపం కూడా వచ్చింది.  తర్వాత జొన్నరొట్టె తడుతూ అడిగింది.

"మరి నిజం ఏంది? ఉన్నరా, లేరా?"

"తెల్వదు అత్తా. ఇప్పటిదాక ఎవరూ దొరకలే."

"పెద్ద పెద్ద దుర్బిణీలు పెట్టి చూసేటోళ్ళకు గూడ తెల్వదా?"

"వాళ్ళకు గూడ తెల్వదు. చూస్తనే ఉన్నరు."

"ఏడ చూస్తున్నరు?"

నేను చెప్పాను. ముందు నీళ్ళ కోసం చూస్తారని. ఒకప్పుడు నీళ్ళు పారిన గుర్తులు అంగారకుడి మీద ఉన్నాయని, గురుడి చుట్టూ, శని చుట్టూ తిరిగే కొన్ని చందమామల్లో మంచు కింద సముద్రాలున్నాయని, జీవం ఉంటే నీళ్ళున్నచోటే ఉండొచ్చని వాళ్ళ ఆలోచన అని. అత్త రొట్టె తిరగేయడం మరిచిపోయింది. అది మాడిన వాసన వచ్చింది.

"మంచిగ చూస్తున్నరు," అంది. "నీళ్ళ కాడనే ఎతకాలె. మీ మామ గూడ నీళ్ళ కోసమే దిగిండు గద."

మామ గురించి ఆమె తనంతట తాను నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే.  మాడిన రొట్టె నేనే తిన్నాను, అలగలేదు.

నేను ఫిజిక్స్ చెప్పి బతికే మనిషిని. పిల్లలు ప్రతి ఏడూ అడుగుతారు, మేడం, వేరే చోట జీవం ఉందా అని. ఉందని ఖాయంగా చెప్పేవాళ్ళూ, లేదని ఖాయంగా చెప్పేవాళ్ళూ ఇద్దరూ నాకు చిరాకే. తెలియదు అని చెప్పడానికి సిగ్గుపడని గుణం నాకు పుస్తకాలవల్ల రాలేదు. ఆ మాట మీద ఒక మనిషి బతుకంతా నిలబడటం చూశాను కాబట్టి వచ్చింది.

ఇప్పుడు అత్త పోయిన రోజుకు వస్తాను. నేను పోయేసరికి అత్తను వాకిట్లో మంచం మీద పడుకోబెట్టారు. చేతులకు పచ్చ గాజులు అలాగే ఉన్నాయి. స్నానం చేయించాల్సిన ఆడవాళ్ళు నీళ్ళు కాచి పెట్టుకుని, చేయించకుండా నిలబడి ఉన్నారు. ఎందుకంటే అసలు చిక్కు అక్కడే వచ్చింది. ముత్తైదువగా సాగనంపాలంటే పసుపు రాసి, బొట్టు పెట్టి, గాజులు వేసి, పూలు పెట్టి పంపాలి. ముండమోసినదైతే అవేవీ ఉండవు, ఉన్న గాజులు కూడా తీసెయ్యాలి. మరి అత్త ఈ రెండిట్లో ఎవరు?

మామకు అక్క వరసయ్యే ముసలామె గట్టిగా పట్టుబట్టింది. "బతికినన్ని దినాలు దాని ఇష్టం నడిచింది. మట్టికి పోయేటప్పుడన్న పద్ధతి ప్రకారం పోవాలె. మొగడు లేడాయె, గాజులెట్ల ఉంచుతరు?"

"లేడని నువ్వు చూసినవా?" అంది పెద్దమ్మ. అత్త మాటే అది, అత్త గొంతుతోనే అన్నట్టుంది. ముసలామె ఆమెను, మీ పద్ధతులు వేరు, నువ్వు మాట్లాడకు అంది. చివరికి పుట్టింటివాళ్ళు తెచ్చే బట్టను బట్టి చేద్దామన్నారు. ఆడమనిషి పోతే ఆఖరి చీర పుట్టింటి నుంచే రావాలి. తెల్లచీరా, రంగుచీరా అన్నది తమ్ముడు తేల్చాలి. అంటే మా నాన్న.

నాకు భయం వేసింది. ఆ గాజులు తీయమని అందరికంటే గట్టిగా చెప్పింది ఆయనే కదా. అత్త బతుకంతా కాపాడుకున్నది ఆయన సంచిలోంచి వచ్చే ఒక్క బట్టతో పోతుంది.

నాన్న మధ్యాహ్నం దాటాక వచ్చాడు. దారిలో గద్వాలలో దిగి బట్టల దుకాణానికి పోయాడట, అందుకే ఆలస్యమైంది.  అక్క కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. ముసలామె వచ్చి, బట్ట తియ్యి అంది. నాన్న సంచి తెరిచాడు. తెల్లచీర తీసి మంచం మీద పెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి దాని పక్కన ఇంకో చీర ఉంది. పచ్చటి నూలుచీర, ఎర్ర అంచు. దాని మీద కాగితంలో చుట్టిన గాజులు.

"ఏంది గిది? రెండెందుకు?" అంది ముసలామె.

"దుకాణంల ఆమె అడిగింది, ముత్తైదువకా కాదా అని," అన్నాడు నాన్న. "గంత సేపు నిలబడ్డ. నోట్లకెల్లి మాట రాలే. బావ పోయిండని నేనే అందరికి చెప్పుకుంట తిరిగిన. ఆడ చెప్పరాలే."

 నాన్న నా వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నదానివి. అక్క చేతుల పెరిగినదానివి. ఏది కట్టాలె, నువ్వు చెప్పు బిడ్డా."

"మామ సంగతి ఎవరికీ తెల్వదు నాయినా," అన్నాను. "నీకు తెల్వదు, నాకు తెల్వదు, అత్తకు గూడ తెల్వదు. తెల్వనప్పుడు ఏం చెయ్యాలెనో ఆమె ఇన్నేండ్లు చేసి చూపించింది. మనం గూడ గదే చేద్దాం."

నాన్న తెల్లచీర మడిచి సంచిలో పెట్టేశాడు. గాజుల కాగితం విప్పి, ఉన్న గాజులకు తోడు కొత్తవి తానే ఎక్కించబోయాడు. అలవాటు లేని చేతులు, ఎక్కడం లేదు. ముసలామె చూసి చూసి, పక్కకు జరుగు అని ఆయన్ను తోసి, తాను కూర్చుని మెల్లగా ఒక్కొక్కటే ఎక్కించింది. "పసుపు తెండి," అంది కాసేపటికి.

అత్త పచ్చచీరలో, నిండుగా బొట్టుతో పోయింది. ఇంత అందంగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అంతా అయ్యి ఇంటికి వచ్చి, స్నానాలు చేసి కూర్చునేసరికి పొద్దు గూకింది. చుట్టాలు వెళ్ళిపోయారు. వాకిట్లో నాన్నా, పెద్దమ్మా, నేనూ మిగిలాం. మంచం తీసేసిన చోటు ఖాళీగా ఉంది. పెద్దమ్మ చీకట్లోనే లేచి, "బుగ్గ ఏద్దునా?" అంది.

"జర ఆగు," అన్నాడు నాన్న.

ముగ్గురం ఊరికే కూర్చున్నాం. ఒకటీ అరా చుక్క పొడిచింది, తర్వాత చాలా వచ్చాయి. నాన్న తల పైకెత్తి, ఎటు చూడాలో తెలియనట్టు ఎక్కడెక్కడో చూస్తున్నాడు. ఆయనెప్పుడూ వాటిని పట్టించుకున్న మనిషి కాదు.

"అక్క ఏదో గుంపు అని చూపించేది గద నీకు. ఏడుంది?" అన్నాడు.

నేను ఆయన గడ్డం పట్టుకుని తల తిప్పి, నడినెత్తి మీద ఉన్న పిల్లలకోడిని చూపించాను. చాలాసేపు చూశాడు. "ఉన్నరంటవా ఆడ?" అన్నాడు.

"గొత్తిల్ల నాయినా," అన్నాను.

ఆయన తల ఊపాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, గోడ తడుముకుంటూ పోయి బుగ్గ వేశాడు. వెలుగు వాకిలి దాటి బాట మీదికి, బాట మలుపు తిరిగే దాకా పడింది. నాన్న లోపలికి రాలేదు. స్తంభానికి ఆనుకుని, ఆ మలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు.